మోటారుకు ఇంటిపేరు

నాగిరెడ్డిపేట దగ్గరి మా పొలంలో కరెంటు రాగానే, బోరు మోటారు స్టార్టర్‌లోని సిమ్ము ఎల్లారెడ్డిలో ఉన్న నాకు ఫోన్ చేస్తుంది. ఎత్తి ఒకటి నొక్కితే మడికి నీళ్లు పారతాయి. ఆ నంబరు నాకు నోటికి వచ్చు కాబట్టి సేవ్ చేసుకోలేదు.

నా ఫోనేమో నెల రోజులుగా అప్‌డేట్ చేయమని ప్రాణం తీస్తోంది. భద్రత కోసమట. దాంతోపాటు, తెలియని నంబర్లకు ఫోనే జవాబు చెప్పే సౌకర్యం కూడా అంటగడుతుందట. నాకేం నోరు లేదా? వద్దన్నాను.

"బ్యాంకు గూడ అండ్లనే ఉన్నది గద మామా. దొంగలు పడితే ఎట్ల?" అంది కోడలు అనిల. ఆ మాటకు తగ్గి చేయించాను.

తెల్లారి మోటారు ఫోన్ చేసింది. నేను ఎత్తేలోపే నా ఫోను, "ఎవరండీ? ఏం పని?" అని అడిగింది.

"కరెంటు వచ్చింది," అంది మోటారు.

"చెబుతాను," అని ఫోను పెట్టేసింది.

రెండూ కలిసి నా మడి ఎండగడతాయా అని మండిపడ్డాను. అనిల నవ్వింది.

"కొత్త కావలోనికి మనోళ్లెవరో చెప్పొద్దా మామా? సేవ్ చేస్త, పేరు చెప్పు."

"మోటారు."

"ఇంటిపేరు గూడ అడుగుతున్నది."

"ఇంకెవరిది పెడతవ్ బిడ్డా? మనదే పెట్టు."