మనిషికి కలపండి

విమానం దిగాక పెట్టె రానివాళ్లు ఫోన్ చేస్తే సముదాయించడం నా ఉద్యోగం. నా ఇంగ్లిష్ సహజంగా లేదని పరీక్ష కాల్స్‌లో రెండుసార్లు ఫెయిల్ చేశారు. మూడోసారి తప్పితే ఇంటికే. మా ఆయన మంచం పట్టాక ఇల్లు నడుస్తున్నది నా గొంతు మీదే.

అందుకని బియ్యం డబ్బాకు ఫోన్ ఆనించి, అంట్లు తోముతూ ఏఐ దగ్గర పాఠాలు మొదలుపెట్టాను. వాన ‘బిగ్’ కాదట, ‘హెవీ’ అట. టీ ‘పవర్‌ఫుల్’ కాదట, ‘స్ట్రాంగ్’ అట. ఎందుకని అడిగితే అలవాటంతే అంది.

“ఏంటొదినా, మాటలకి పెళ్లిసంబంధాలు చూస్తున్నావా?” అంది మా ఆడపడుచు.

“నవ్వు, నవ్వు! ఇవి కుదరకపోతే మనకి పూట గడవదు.”

భయంతో అన్నీ బట్టీ పట్టాను. మాటల జతలే కాదు, దాని మెత్తని గొంతు, మాటకూ మాటకూ మధ్య అది ఆగే తీరు కూడా నాకు అబ్బేశాయి.

పరీక్ష రోజు, మార్కులు పడే కాల్‌లోనే, పెట్టె రాని ఒక ముసలామె ఫోన్ చేసింది. చనిపోయిన భర్త స్వెటర్ ఆ పెట్టెలో ఉందట. ‘డీపెస్ట్ సింపతీ’ అన్నాను, ‘సిన్సియర్ అపాలజీస్’ అన్నాను. ఒక్కటీ తడబడలేదు.

“ఈ మిషన్‌తో నేను మాట్లాడను. మనిషికి కలపండి,” అందామె ఇంగ్లిష్‌లో.

నేను మనిషినేనని ఇంకా మెత్తగా చెప్పాను. అన్ని మిషన్లూ అదే అంటాయని ఆమె ఏడుపు లంకించుకుంది.

“అయ్యో, మనిషినేనమ్మా!” అని తెలుగులోనే భోరుమన్నాను.

ఆమె ఏడుపు ఆగింది. “ఏడుస్తున్నావా?” అంది.

“యెస్ మేడమ్. మై హజ్బెండ్ ఆల్సో బెడ్‌లోనే. ఐ సెర్చ్ యువర్ స్వెటర్, ప్రామిస్.” జతలన్నీ చెదిరిపోయాయి. అప్పుడు చెప్పింది పాపం, పెట్టె రంగు, తాళం, అన్నీ. వెతకమని గోదాముకు అప్పుడే కబురు పంపాను.

మా టీమ్ లీడర్ తెర మీద మార్కులు చూసి తల పట్టుకున్నాడు.

“మొదట్లో ఎంత సహజంగా మాట్లాడావమ్మా! చివర్లో చెడగొట్టుకున్నావు. ఫెయిల్.”

“మార్కులు ఎవరేశారు సార్?”

“మిషనే. మనుషులెక్కడున్నారు వేయడానికి?”

ఇంటికెళ్లేసరికి ఆడపడుచు గుమ్మంలోనే ఉంది.

“ఎలా మాట్లాడావొదినా?”

“మనిషిలాగే మాట్లాడాను,” అని గడప మీద కూలబడ్డాను.