ఇంట్లో లేరని చెప్పు

ఎర్రమట్టి ఆరకముందే బట్టలు నానబెట్టాలి. ఆరిందంటే ఇక ఎంత బాదినా జెర్సీ మీద మచ్చ ఉండిపోతుంది. అందుకని ఆట అయిన సాయంత్రం ఆయన టీము బట్టల మూట తెచ్చి కొళాయి పక్కన పడేయగానే నేను వంట ఆపి గంగాళంలో నీళ్లు నింపేదాన్ని. మేముండేది మద్రాసులో, వాషర్‌మెన్‌పేట్. చాకళ్ల పేరు మీద వెలసిన పేట. అయినా ఆ టీము మొత్తం బట్టలు ఉతికేది బళ్లో లెక్కలు చెప్పే పంతులమ్మను, నేను. ఎప్పుడో ఒకసారి చాకలి ఒక జెర్సీ పోగొట్టాడు. "నువ్వయితే జాగర్తగా చూస్తావు మృణాళినీ" అన్నారు ఆయన. మెచ్చుకున్నారని సంతోషపడ్డాను. పెళ్లయిన కొత్త.

మా ఆయన శంకరనారాయణ జార్జి టౌన్‌లో ఒక ఓడల కంపెనీలో గుమాస్తా. గుమాస్తా అన్నది పేరుకే, ఉద్యోగం ఇచ్చింది హాకీ ఆడినందుకు. సెంటర్ ఫార్వర్డ్. బజారుకు పోతే ముక్కూ మొహం తెలియనివాళ్లు ఆగి, "మీవారు కొట్టిన గోలు చూడాలమ్మా" అనేవాళ్లు. నేను ఒక్క గోలూ చూడలేదు. "మగోళ్లు నిక్కర్లేసుకోని పరుగెత్తే చోట నీకేం పని" అని మా అత్త లలితాంబ ఒక్కమాటతో తేల్చేసింది. ఆయన ఆట నాకు మట్టిగా, చెమట వాసనగా, చిరిగిన కుట్లుగా మాత్రమే తెలుసు.

ఆంధ్ర రాష్ట్రం విడిపోయిన మరుసటి ఏడు, ఊళ్లో టీములున్న కంపెనీలవాళ్లంతా కూడబలుక్కుని ఆటగాళ్ల జీతానికి ఒక హద్దు గీశారు. ఎంత గొప్పగా ఆడినా దాన్ని మించి ఎవరూ ఇవ్వకూడదు. ఒక టీము వదిలినవాణ్ణి ఇంకో కంపెనీ చేర్చుకోకూడదు. ఆటగాళ్లకు కడుపు మండింది. హద్దు తీసేదాకా మైదానంలో అడుగు పెట్టేది లేదన్నారు. మంతనాలు మా ఇంట్లోనే జరిగేవి. నేను బడి నుంచి వచ్చేసరికి ముందు గది నిండా చెప్పులు, సిగరెట్ పొగ. చీర మార్చుకోకుండానే కాఫీ నీళ్లు పెట్టేదాన్ని. "ఇంకో రౌండ్ కాఫీ" అని ఆయన గొంతు వినిపించేది, ఆ గొంతులో నా పేరు కూడా ఉండేది కాదు.

అయినా ఆయన మాటలు వినడానికి వంటింటి గుమ్మం దగ్గరే నిలబడేదాన్ని. "మన ఒంట్లో బలానికి వాళ్లెవరు ఖరీదు కట్టేదానికి? ఒక్కడు వెనక్కి తగ్గినా అందరం పోయినట్టే" అన్నారు ఒకరోజు. గోల్‌కీపర్ కన్నియప్పన్ కళ్లు తుడుచుకున్నాడు. అతను అదే కంపెనీకి హార్బర్ గోడౌన్‌లో మూటలు మోసే మనిషి. ఆ మాట నాకూ తగిలింది. ఎందుకంటే ఆ వారమే మా బడి సెక్రటరీ పెళ్లయిన పంతులమ్మలకు ఇక జీతం పెరగదని చెప్పాడు. "మొగుడు సంపాదిస్తా ఉండాడు కదమ్మా, నీది పైఖర్చులకే గదా" అన్నాడు నవ్వుతూ. ఆ పైఖర్చుల జీతం ఒకటో తారీఖున అత్త చేతిలో పెట్టి, బస్సు డబ్బులు తిరిగి అడిగి తీసుకునేదాన్ని. అందరూ వెళ్లాక ఆ సంగతి ఆయనతో చెప్పాను. "మీరూ స్ట్రైక్ చేస్తారా ఏంది?" అని పకపకా నవ్వి దుప్పటి కప్పుకున్నారు. ఆ నవ్వులో చెడ్డతనమేమీ లేదు. నాకూ ఒక హద్దు ఉండొచ్చని ఆయనకు నిజంగానే తోచలేదు. అదే ఎక్కువ నొప్పి పెట్టింది.

కంపెనీ మొదట కన్నియప్పన్‌ను పనిలోంచి తీసేసింది, మిగిలినవాళ్లు చూసి భయపడతారని. మర్నాడు మేనేజరు ఆయన్ని పిలిపించాడు. తిరిగొచ్చి అన్నానికి కూర్చున్నారు. చారు పోస్తుంటే చెప్పారు.

"హెడ్ క్లర్క్‌ను చేసినారు. ఈ ఆదివారం ఆడతా ఉండాను."

"హద్దు తీసేశారా?"

"అది ఆటకిచ్చే జీతానికి. ఇది ఆఫీసు జీతం. వేరే."

"మరి కన్నియప్పన్?"

"వాడి సంగతి వాడు చూసుకుంటాడు. నాకు సంసారం ఉండాది."

"అతనికీ ఉంది కదండీ."

"నీకేం తెలుసు ఈ వ్యవహారాలు? నీకోసరమే కదా చేసింది" అన్నారు.

నాకోసం ఎవరు ఏమి చేసినా ముందు నన్ను అడగరు. అలసిపోయాను. కంచం తీసి ఆ చోటు తుడిచాను.

శనివారం పొద్దున తలుపు తట్టిన చప్పుడు. కిటికీలోంచి చూసి ఆయన గబుక్కున వెనక్కి తగ్గారు. కన్నియప్పన్ భార్య కాళియమ్మ. రాయపురం నుంచి నడిచి వచ్చినట్టుంది, పాదాలు దుమ్ము కొట్టుకుని ఉన్నాయి.

"ఇంట్లో లేనని చెప్పు" అన్నారు ఆయన గొంతు తగ్గించి.

"నెల్లూరు పోయినాడని చెప్పు. ఆడినుంచి ఎప్పుడొస్తాడో తెలియదను" అంది అత్త.

నేను గుమ్మంలోకి వెళ్లాను. ఇలా ఎన్నిసార్లు వెళ్లానో. అప్పులవాళ్లకు, చీటీల మనిషికి, చందాలవాళ్లకు ఆయన లేరని చెప్పిందంతా నేనే. అందరిలో అబద్ధాలకోరుగా నిలబడ్డ మొహం నాది. ఆయన మాత్రం లోపల కూర్చుని పెద్దమనిషిగా మిగిలిపోయేవారు.

"సార్ ఉండారా అక్కా?" అంది కాళియమ్మ. "సార్ ఒక్క మాట చెబితే మేనేజరు వింటాడంట. మా ఆయన అడగడు, రోషం. నేనే వచ్చినా. సార్ మాట తప్పే మనిషి కాదని చెప్తా ఉంటాడు."

నోటి దాకా వచ్చిన అబద్ధం ఎందుకో ఆగిపోయింది. ధైర్యమేమీ కాదు, మోసి మోసి చేతులు పడిపోయినట్టు.

"ఉన్నారు. లోపలికి రా కాళియమ్మా" అన్నాను. "నాతో కాదు, ఆయనతోనే చెప్పు."

ఆయన బయటికి రాక తప్పలేదు. కాళియమ్మ నిలబడే చెప్పింది. ఆయన గోడ వైపు చూస్తూ, "చూస్తాలే" అన్నారు. ఆ ఒక్కమాటతో ఆమెకు అంతా అర్థమైంది. "సరి సార్" అని దణ్ణం పెట్టి, నేనిచ్చిన మంచినీళ్లు తాగి వెళ్లిపోయింది.

"నా పరువు తీసినావు" అన్నారు ఆయన. అత్త ఆ రోజంతా నాతో మాట్లాడలేదు.

ఆదివారం ఆయన ఆడారు. గెలిచారు కూడా. వారం తిరక్కుండానే మిగిలినవాళ్లూ ఒక్కొక్కరే మైదానానికి వెళ్లారు. హద్దు ఎక్కడిదక్కడే ఉంది. కన్నియప్పన్ రాయపురంలో చేపల బుట్టలకు ఐసుగడ్డలు మోసే పనిలో చేరాడని విన్నాను. నా నిజం ఎవరి అన్నమూ తిరిగి తెచ్చిపెట్టలేదు, ఆ సంగతి నాకు తెలుసు.

కానీ అప్పటినుంచి మా గుమ్మంలో ఎవరు పిలిచినా ఆయనే లేచి వెళుతున్నారు. నేను వెళితే ఉన్నారనే చెబుతానని ఆయనకు తెలుసు.