గడ్డిమందు

చెంచయ్య నెమ్మదస్తుడని వినుకొండ దగ్గర ఆ ఊళ్ళో పేరు. కూలీల మీద కూడా గొంతు పెంచేవాడు కాదు. అలాంటి మనిషి, ఆ ఏడు తన మిరప తోట తామర పురుగు సోకి ముడుచుకుపోతుంటే, గట్టు అవతల బాబాయి కొడుకు శివరామకృష్ణ తోట విరగకాసి నిలబడడం చూసి ఓర్వలేకపోయాడు. ఓ మధ్యాహ్నం అందరూ అన్నాలకి వెళ్ళాక శివరామకృష్ణ మోటారు షెడ్డులోకి వెళ్ళి, పురుగుమందు కలిపి ఉంచిన డ్రమ్ములో కలుపుని మాడ్చేసే గడ్డిమందు సీసాడు వంపేశాడు.

అన్నం తిని వచ్చిన మందు కొట్టే కూలి ఇమ్మానియేలు ఆ డ్రమ్ములోదే ట్యాంకులో పోసుకుని, భుజాన తగిలించుకుని తోటంతా కొట్టాడు. వారం తిరక్కుండానే చెట్లు పసుపెక్కి మాడిపోయాయి.

"కూలి పెంచమన్నాడు, పెంచలేదని కక్షగట్టి గడ్డిమందు కలిపాడు" అని ఎవరో అన్నారు. నిజమేనా అని ఎవరూ అడగలేదు. ఇమ్మానియేలుని కరెంటు స్తంభానికి కట్టేసి కొట్టారు. చెంచయ్య జనం వెనక నిలబడ్డాడు.

"నువ్వేంటన్నా, చూస్తా నిలబడ్డావ్?" అన్నాడు శివరామకృష్ణ.

చెంచయ్య చెప్పు తీసుకుని ముందుకెళ్ళాడు. అందరికంటే గట్టిగా కొట్టాడు.

కుడి మణికట్టు విరిగిన ఇమ్మానియేలు, కట్టు కట్టించుకున్నాక పెళ్ళాం కోటిరత్నాన్ని తీసుకుని వేటపాలెం వెళ్ళిపోయాడు. అక్కడ జీడిపప్పు కంపెనీల్లో పని దొరుకుతుందని.

అప్పట్నించీ చెంచయ్యకి తన చెయ్యంటే రోత పుట్టింది. అన్నం కలుపుకోబోతే మందు కంపు కొట్టేది. స్పూనుతో తినేవాడు. బట్టల సబ్బుతో చర్మం లేచిపోయేలా తోముకునేవాడు. భార్య హనుమాయమ్మ ఆ చెయ్యి ముక్కు దగ్గర పెట్టుకుని చూసింది.

"సబ్బు వాసనేగానయ్యా" అంది.

విందులకీ పెళ్ళిళ్ళకీ వెళ్ళడం మానేశాడు. మంచం పశువుల కొట్టం పక్కన వేయించుకున్నాడు. మనిషి ఆధ్యాత్మికంలో పడ్డాడని ఊరు మెచ్చుకుంది. ఆ మెచ్చుకోలు చెవినపడితే లేచి పశువుల దగ్గరకి పోయేవాడు.

రెండేళ్ళ తర్వాత శివరామకృష్ణ కూతురు శ్రీరమ్య నిశ్చితార్థానికి మాత్రం వెళ్ళక తప్పలేదు. భోజనాల దగ్గర శివరామకృష్ణ బావమరిది కరుణాకర్ ఫోను తీశాడు. ఆ రోజు స్తంభం దగ్గర తీసిన వీడియో. మూతులకి మసాలా అంటుకున్నవాళ్ళంతా తలలు దగ్గరకి చేర్చి నవ్వుతున్నారు.

"మా చెంచయ్య బావ దెబ్బ చూడండి. మెత్తటోడనుకున్నాం" అన్నాడు కరుణాకర్, ఫోను చెంచయ్య వైపు తిప్పి.

చెంచయ్య చూశాడు. దెబ్బ వేశాక తను జనం వైపు తిరిగాడు. పళ్ళన్నీ బయటపెట్టి నవ్వాడు. బాగా కొట్టానా అని అడుగుతున్నట్టుగా ఉంది ఆ నవ్వు. నవ్వినట్టు అతనికి గుర్తే లేదు. విస్తరి ముందే భళ్ళున వాంతి చేసుకున్నాడు.

మర్నాడు వేటపాలెం బస్సెక్కాడు. రేకుల ఇంటి ముందు కోటిరత్నం కూర్చుని ఉంది. జీడిగింజల తొక్కలోని ఘాటు జిడ్డుకి వేళ్ళు నల్లగా కాలిపోయి ఉన్నాయి. ఇమ్మానియేలు అలవాటుకొద్దీ లేచి నిలబడ్డాడు. అలా లేవడం చూసి చెంచయ్య ప్రాణం చచ్చిపోయింది. కూర్చోకుండానే మొత్తం చెప్పేశాడు.

ఇమ్మానియేలు మళ్ళీ కూలబడి కుడి మణికట్టు తడుముకున్నాడు.

"ముందురోజు ఇంకో చేలో గడ్డిమందు కొట్టానండి" అన్నాడు. "ట్యాంకు సరిగ్గా కడగలేదేమో, నా వల్లే తోట పోయిందేమో అనుకున్నా. ఇన్నాళ్ళూ ప్రార్థనలో అదే ఒప్పుకుంటన్నా."

చెంచయ్య వంగి అతని కాళ్ళు పట్టుకోబోయాడు. కోటిరత్నం అడ్డం వచ్చింది.

"ముట్టుకోమాక" అంది. గారూ లేదు, అండీ లేదు. "మా గడపలో ఏడిస్తే ఎవరు చూస్తారు? కొట్టిన చోటికి పోయి చెప్పు."

మరుసటి ఉదయం ఆ స్తంభం పక్కన టీకొట్టు దగ్గర, జనం నిండుగా ఉన్నప్పుడు చెప్పాడు. శివరామకృష్ణ అతని చొక్కా పట్టుకుని చెంప పగలగొట్టాడు. తర్వాత ఊపిరి తీసుకుని, రెక్క పట్టుకుని పక్కకి లాక్కెళ్ళాడు.

"పోయిన తోట పోయింది. మనం మనం చూసుకుందాం. స్టేషన్ మాట మాత్రం ఎత్తమాకన్నా. వాడు అట్రాసిటీ కేసు పెడితే అందరం లోపలికి పోతాం. అమ్మాయి పెళ్ళుంది."

వెనకనున్నవాళ్ళంతా తలలూపారు. ఒక్కరూ ఇమ్మానియేలు ఎలా ఉన్నాడని అడగలేదు. తనని ఇంత సులువుగా క్షమించేసిన ఆ మొహాల్ని చూస్తే, వీడియోలో తన నవ్వు చూసినప్పటి రోతే మళ్ళీ కలిగింది. చెయ్యి విడిపించుకుని, వినుకొండ వెళ్ళి స్టేషన్లో చెప్పాడు. కొట్టినవాళ్ళ పేర్లు అడిగితే ముందు తనది చెప్పాడు.

హనుమాయమ్మ ఏడవలేదు. "ఇన్నాళ్ళూ నీకు వడ్డించానంటే నాకే అసయ్యంగా ఉందయ్యా" అని చెల్లెలి ఊరు వెళ్ళిపోయింది. బెయిలు మీద వచ్చాక ఊరు అతనితో మాట మానేసింది. నీళ్ళ వంతు రానివ్వలేదు, పాలు కొనలేదు. రోజూ బజారు మధ్యలోంచే నడిచాడు. పక్క సందులున్నా అటు పోలేదు.

వాయిదా రోజు కోర్టు వరండాలో ఇమ్మానియేలు అతని ముందు నుంచే లోపలికి వెళ్ళాడు, చూడకుండా. వెనకొస్తున్న కోటిరత్నం ఆగింది.

"క్షమించానని చెప్పటానికి ఆగలా. నా వల్ల కాదు" అంది. చెంచయ్య తలూపాడు.

"మొన్న ఆదివారం మా ఆయన చర్చిలో పాట ఎత్తుకున్నాడు. ఆ ఊరొదిలాక పాడటం అదే మొదలు."

అంత మటుకు చెప్పి, కొంగు సర్దుకుని లోపలికి వెళ్ళింది. కాసేపటికి బంట్రోతు చెంచయ్య పేరు పిలిచాడు. అతను లేచి వెళ్ళాడు.