అస్బుల్లా వంతు

కౌలాలంపూర్ నుంచి మిస్ చ్యూ ఆ వారంలో ఫోన్ చేయడం అది ఆరోసారి. ఆమెతో కలిపి రిటైరైన టీచర్లు ఏడుగురు గురువారం కినబతాంగన్ నది మీద అడవి చూడడానికి వస్తున్నారు. రావడం వరకూ బాగానే ఉంది. కానీ పడవ ఎక్కేటప్పుడు బూట్లు తడవకూడదు. ఎండ ఎక్కువుండకూడదు, వాన అసలే కూడదు. పొడుగుముక్కు కోతులు పొద్దున్నే కనబడాలి, తాము టీ తాగాక ఒరాంగుటాన్, ఏనుగులు పిల్లలతో సహా సాయంత్రం నాలుగింటికి.

"ఏనుగులు ఖాయమేనా, సుర్యానీ?"

"అవి నా మాట వింటే ఇవాళే పిలిచి కట్టేసుంచేదాన్నండీ," అంది సుర్యాని. అవతల నవ్వు వినబడలేదు. "మా ప్రయత్నం మేం చేస్తాం," అని ఫోన్ పెట్టేసి తల పట్టుకుంది.

నిజానికి ఏనుగుల గురించి ఆమెకు బెంగ లేదు. రేవు దగ్గర టీకొట్టు గోడకున్న నల్లబల్ల మీద, రాబోయే జట్టుకి ఎదురుగా రాసున్న పేరు గురించే బెంగంతా. అస్బుల్లా. ఆమె తండ్రి.

ఊళ్ళో పదకొండు ఇళ్ళవాళ్ళు అతిథుల్ని దింపుకుంటారు. జట్టు వచ్చినప్పుడల్లా వంతు ఒక ఇంటి నుంచి పక్క ఇంటికి జరుగుతుంది. వంతు ఎవరిదైతే వాళ్ళింట్లోనే తిండీ పడకా, వాళ్ళ పడవలోనే షికారు. ఇంకొకరి వంతు అడగడం కూడా తప్పే. ఇవ్వదలిస్తే ఆ మనిషే టీకొట్టు దగ్గర అందరి ముందూ నోరు విప్పి ఇవ్వాలి. బల్ల మీద రాసేది సుర్యాని. ఎనిమిదేళ్ళలో ఒక్క గీత తప్పు పడలేదని ఆమెకు కాస్త గర్వం కూడా.

ఒకప్పుడు అవతలి ఒడ్డున కొమ్మ ఊగితే ఏ జంతువో చెప్పేసేవాడు అస్బుల్లా. పోయిన నెల ఒక దుంగను చూపించి "అదుగో మొసలి" అన్నాడు. అతిథులు మొహమాటానికి ఫోటోలు తీసుకున్నారు. పది నిమిషాల తర్వాత, దుంగే కదా అని, నిజం మొసలికి పడవ ఆనించబోయాడు. ముందు కూర్చున్నది సుర్యాని కాబట్టి సరిపోయింది. ఆమె కేకకి మొసలే హడలిపోయి నీళ్ళలో మునిగింది. ఇంటికొచ్చాక ఆయన ఆ ఊసెత్తలేదు, ఆమె కూడా ఎత్తలేదు. తండ్రీ కూతుళ్ళిద్దరూ మొండిఘటాలే.

"నాన్నా, ఈ గురువారం కాస్త విశ్రాంతి తీసుకోరాదూ?"

"ఏం, నాకేమైనా రోగమా?"

"నడుం నొప్పన్నావుగా."

"అది రంజాన్ నెలలో. ఇప్పుడు నీ మాటలకి తలనొప్పి వస్తోంది, అంతే."

లాభం లేక ఆమె తమ్ముడి వరసయ్యే మదీల్ ఇంటికి వెళ్ళింది. వరసలో ఆయన తర్వాతి వంతు మదీల్‌దే. "ఈసారికి నువ్వెళ్ళరా. తర్వాతి జట్టుకి ఆయన వెళ్తాడు."

"అమ్మో, నన్ను ఇరికించకక్కా. పెదనాన్న తన నోటితో అంటే కళ్ళకద్దుకుని తీసుకుంటా. లేకపోతే ఊరంతా నన్ను దొంగంటారు."

"ఏడుగుర్ని మొసలికి అప్పజెప్పినా పర్లేదా?"

"ఆ మాట ఆయనతోనే అనొచ్చుగా?"

అనొచ్చు. ఎవరైనా అనొచ్చు. ఊరందరికీ తెలిసిన సంగతిని ఆ ఒక్క మనిషితో అనడానికి మాత్రం ఎవరికీ నోరు రాదు. సుర్యానికి ఒళ్ళు మండిపోయింది. తండ్రి మీద, మదీల్ మీద, వాళ్ళిద్దరికంటే ఎక్కువ తన మీద.

ఒళ్ళు మండినప్పుడు ఆమె చేసే పనులు ఎప్పుడూ సవ్యంగా ఉండవు. వస్తామని రాకుండా పోయిన జట్టుకి కూడా వంతు ఖర్చయినట్టే అని ఊళ్ళో ఒక కట్టుబాటుంది. పోట్లాటలు పడలేక పెట్టుకున్నది. సోమవారం ఆమె సుద్దముక్క తీసి బల్ల మీద రాసింది: మంగళవారం, సందకాన్ నుంచి ముగ్గురు, అస్బుల్లా. అలాంటి ముగ్గురు ఎక్కడా లేరు. బుధవారం పొద్దున పక్కన 'రాలేదు' అని రాసేస్తే గురువారం మదీల్‌ది అవుతుంది. బల్ల మీది అక్షరాలు తండ్రికి ఎలాగూ ఆనవు. ఆయనకి తెలియాల్సిన పనే లేదనుకుంది.

తెలిసింది. శుభవార్త మోసుకెళ్ళడంలో మదీల్ తర్వాతే ఎవరైనా. మంగళవారం తెల్లారి ఆమె రేవుకి వెళ్ళేసరికి అస్బుల్లా ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, పడవ కడిగి, మూడు లైఫ్ జాకెట్లు వరసగా పేర్చుకుని కూర్చునున్నాడు.

"పొద్దుటి బస్సు ఆలస్యమేమో," అన్నాడు.

"ఏమో నాన్నా," అంది.

ఎండెక్కే వరకూ ఆయన అక్కడే కూర్చున్నాడు. చెప్పేద్దామని ఆమె రెండుసార్లు రేవు మెట్ల దాకా వెళ్ళి వెనక్కి వచ్చింది. తనని తాను చెంపలు వాయించుకోవాలనిపించింది. అయినా బుధవారం పొద్దున వెళ్ళి 'రాలేదు' అని రాసింది.

ఆ సాయంత్రం మర్నాటి ఏర్పాట్లు మాట్లాడుకోవడానికి అందరూ టీకొట్టు దగ్గర చేరారు. "రేపటి వంతు మదీల్‌ది," అని సుర్యాని బల్ల వైపు తిరిగి చదివింది.

"కాదు, నాది," అన్నాడు అస్బుల్లా.

"నీది నిన్నటితో అయిపోయింది కదా నాన్నా. వాళ్ళు రాలేదు."

"రాకపోవడానికి వాళ్ళంటూ ఉండాలి కదే. జట్టు వస్తోందంటే ముందురోజే నువ్వు ఏటి రొయ్యలు కొంటావు, ఇల్లంతా ఘుమఘుమలాడిపోతుంది. సోమవారం మన పొయ్యి మీద గుడ్డు తప్ప ఇంకోటి ఉడకలేదు. నా ముక్కు బాగానే ఉంది."

సుర్యానికి ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆ సిగ్గంతా కోపంగా బయటికొచ్చింది.

"తెలిసీ మరి పొద్దెక్కేదాకా ఎండలో ఎందుకు కూర్చున్నావు?"

"నువ్వొచ్చి చెప్తావని."

అస్బుల్లా గ్లాసు కింద పెట్టి అందరి వైపూ తిరిగాడు. ఎవరెక్కడ కూర్చున్నారో ఆయనకి సరిగ్గా తెలిసినట్టు లేదు. చూపు మనుషుల మధ్యలో ఎక్కడో పడింది.

"నాకు కళ్ళు కనబడట్లేదు. ఈ ముక్క పోయిన నెలే చెప్పాల్సింది. చెప్పకుండా నా బిడ్డ చేత అబద్ధం రాయించాను. నా వంతు మదీల్‌కి ఇస్తున్నాను, అందరూ వినండి. ఒరే మదీల్, రేపు పై మలుపు దగ్గర ఇంజన్ ఆపి చెవులొగ్గు. నిన్న అటు రెల్లు విరుగుతున్న చప్పుడు విన్నాను. ఏనుగుల మంద అక్కడే ఉంది."

"అలాగే పెదనాన్నా," అన్నాడు మదీల్ నేల చూపులు చూస్తూ.

అస్బుల్లా లేచాడు. కొట్టు దిగడానికి మూడు మెట్లు. మొదటి మెట్టు మీద ఆగి కాలితో అంచు వెతుక్కున్నాడు. మదీల్ లేవబోయాడు.

"నువ్వు కూర్చోరా," అని, ఊరంతా చూస్తుండగానే ఆయన చెయ్యి పక్కకి చాపాడు. "నువ్వు రావే."

సుర్యాని జేబులో ఫోన్ మోగుతోంది. మిస్ చ్యూ అయ్యుంటుంది. మోగనిచ్చి, వెళ్ళి ఆ చెయ్యి పట్టుకుంది.