వసంతకుమారి ప్రార్థన మనవి

చీర కట్టుకుని రాకుండా ఉండాల్సింది, అయినా బార్‌లోకి వెళ్లడానికి ఏం కట్టుకోవాలో యాభై ఏళ్ల నర్సుకి ఎవరు చెప్పారు గనక, శనివారం మిట్టమధ్యాహ్నం, ఈ అమెరికా ఊరు పిస్కాటవేలోని తెలుగువాళ్లెవరైనా తన కారు ఈ గుమ్మం ముందు చూశారా, రేపు చర్చిలో తన పేరు మీదా ప్రార్థన జరిగిపోతుంది, జరగనీ, తగిన శాస్తే, ఆరు వారాల క్రితం తను, ఈ వసంతకుమారి, చేసిందీ అదే కదా, ప్రార్థన మనవులు చెప్పండని పాస్టరు అయ్యగారు అడగ్గానే లేచి, సుందర్ రాజ్ అన్నయ్య కోసం భారంతో ప్రార్థించండి, ఆయన డాట్సన్ కారు ప్రతి శనివారం బార్ ముందే ఉంటోంది అంది, భారమట, నోటి దురదకి ఎంత మంచి పేరు, కళ్లు మూసుకున్న వాళ్లందరి చెవులూ తెరుచుకున్నాయి, పై ఆదివారం ప్రభు సంస్కారంలో రొట్టె పళ్లెం వరసలో వస్తుంటే పాపం ఆయన చెయ్యి చాపాడు, ఆయనకి రొట్టె ఇవ్వకూడదన్న సంఘపెద్దల తీర్మానం ఆయనకెవరూ చెప్పలేదు, పళ్లెం ఆగలేదు, ఆ చెయ్యి కాసేపు గాల్లోనే ఉండి మెల్లగా ఒళ్లోకి దిగింది, ఆ తర్వాత ఆయన చర్చికి రాలేదు, అందుకే ఇవాళ తనే వెతుక్కుంటూ వచ్చింది.

లోపల చీకటి, పులిసిన పిండి వాసన, కౌంటర్ వెనక బట్టతల ఓనర్ ఆమె చీర చూసి, సుందర్ కోసమా, బ్యాక్ గార్డెన్‌లో ఉన్నాడు అన్నాడు, ఎంత చనువుగా పలికాడా పేరు, చర్చిలో ఎవరూ ఎత్తని పేరు, వెనక తలుపు తీస్తే అబ్బో ఎంత దొడ్డి, మేపుల్ చెట్ల కింద పొడుగు బెంచీలు, ఊలు అల్లుకుంటున్న ఒక ముసలావిడ, కంచె దగ్గర ప్యాంటు మడిచి గొంతుక్కూర్చున్న సుందర్ రాజ్, ఆయన చుట్టూ నడుమెత్తు ఎర్ర కాడలు, గోంగూర, కొట్లో ఒక్క కట్ట దొరకని ఊళ్లో గోంగూర, పోయిన వేసవంతా చర్చి భోజనాలకి ఆయన రొయ్యలేసి వండి తెచ్చిన గోంగూర, తను రెండోసారి వడ్డించుకుని ఎక్కడిదన్నయ్యా అంటే నవ్వి ఊరుకున్న గోంగూర, అయ్యో, సంఘమంతా వేళ్లు నాకుతూ తిన్నది ఈ బార్ మట్టిలో పండిందా.

వందనాలమ్మా అన్నాడు మట్టిచేతులు జోడించి, కోపం లేదు, ఉంటే బాగుండేది, నా అపార్ట్‌మెంట్‌లో మట్టెక్కడిది, ఈ బార్ ఓనరే ఆ మూల ఖాళీయే వేసుకో అన్నాడు, బార్‌దని తెలిస్తే మీరు తినరేమోనని చెప్పలేదు అన్నాడు, ఆమె చూపు బెంచీ మీది సగం బీరు గ్లాసు మీద పడింది, ఆయనా చూశాడు, దాచలేదు, పని అయ్యాక ఒక గ్లాసు తాగుతానమ్మా, నువ్వు అబద్ధమేం చెప్పలేదు.

అబద్ధమే అయితే క్షమాపణ చెప్పి తేలికపడేది, నిజమైపోయింది, అదే గుచ్చుతోంది, దేవుడికి చెప్పింది, అయ్యగారికి వినిపించింది, పాతిక కుటుంబాలతో ఆమెన్ అనిపించింది, కారాపి లోపలికొచ్చి, బాగున్నావా అన్నయ్యా, ఒక్కడివే ఏం చేస్తున్నావు అని మాత్రం అడగలేదు, ఆయన ఇంత కట్ట కోసి, రేపు భోజనాలకి వండు, ఎక్కడిదో చెప్పకు అన్నాడు, చెబుతాను, మీరు రండి అంది, ఎలా రమ్మంటావమ్మా అని ఆయన అరచేతి వైపు చూసుకున్నాడు, ఆ చెయ్యే, ఆమె కట్ట గుండెకి హత్తుకుని నిలబడింది, రేపు మనవులు అడగ్గానే తనే ముందు లేవాలి, ఈసారి తన కోసం ప్రార్థించమనాలి, రొట్టె పళ్లెం ఆయన దగ్గర ఆగేదాకా తన దగ్గరా ఆగక్కర్లేదని చెప్పాలి.