గోడ మీద వదిన

మా లాండ్రీలోకి ఆవిరి ఇస్త్రీ యంత్రం వచ్చిన వారానికే మేం రెండుగా చీలిపోయాం. ఉంచాలని సగం మంది, తీసేయాలని సగం మంది. తీసేయాలని గొంతు చించుకున్నవాణ్ణి నేనే.

ఇస్త్రీ చేసే వదిన మాత్రం, "నడుం నొప్పి పోయింది. కానీ పిడి వేళ్ళు కాల్చేస్తోంది," అంది.

"ఉంచాలా, తీసేయాలా? ఒక్కటి చెప్పు వదినా!"

"రెండూ నిజమే కదయ్యా."

"గోడ మీద పిల్లివి నువ్వు!" అన్నాను. అవతలి పక్షం కూడా పడీపడీ నవ్వింది. ఆ వారంలో మేమంతా ఒక్కటైంది అప్పుడే.

సాయంత్రం యజమాని వచ్చాడు. తీసేయమన్న నన్ను, "నీకు పనంటే బద్ధకం," అని కొట్టిపారేశాడు. ఉంచమన్నవాళ్ళతో, "మరింకేం, బాగానే ఉందిగా," అన్నాడు. వదిన ముందు నడుం సంగతి చెప్పి, తర్వాత బొబ్బలెక్కిన వేళ్ళు చూపించింది. ఆయన ఆ పిడి పట్టుకుని చటుక్కున వదిలేశాడు. మర్నాడే చెక్క పిడి బిగించారు.

టీ గ్లాసు తీసుకెళ్ళి ఆమె ముందు పెట్టాను. "తప్పయింది వదినా."

"గోడెక్కితే రెండిళ్ళూ కనిపిస్తాయి మరిదీ," అని టీ ఊదుకుంది.

ఆ యంత్రాన్ని నేనిప్పటికీ తిడతాను. కాకపోతే దాని మంచి చెప్పాకే తిడతాను.