ఎంగిలి గ్లాసు

మా ఇంట్లో రాత్రి భోజనానికి ఒక పద్ధతి ఉండేది. మా ఆయన కాళ్ళు కడుక్కుని వంటింటి గడప దగ్గరికి వస్తాడు. నేను పీట వేస్తాను గానీ విస్తరి వెయ్యను. "ఊదండి" అంటాను. ఆయన వంగి నా ముఖం మీద ఊదుతాడు. సారా వాసన లేకపోతే విస్తరి పడుతుంది, ఉంటే పడదు. చూసినవాళ్ళు నవ్వుకునేవారు. నవ్వేవాళ్ళకేం, కాపురం చేసేది నేను కదా.

నేనేమీ మొదటినుంచీ ఇంత మొండిదాన్ని కాదు. ముందు దేవుళ్ళనే నమ్ముకున్నాను. పెంచలకోన నరసింహస్వామి ఎదుట ఒట్టు వేయించాను. నెల్లూరు రంగనాయకులస్వామి ఎదుట వేయించాను. మాది కోవూరు. పెన్న దాటి గుడికి పోయి ఒట్టు వేసిన మనిషి, తిరిగి పెన్న దాటేలోపే ఆ ఒట్టు తీసి గట్టున పెట్టేవాడు. మద్యనిషేధం ఉంది కదా, ఎక్కడ దొరికేదని అమాయకంగా అడగకండి. ఏటి ఇసుకలో ఎన్ని కుండలు పూడ్చి ఉండేవో, తెలియవలసినవాళ్ళకు తప్ప అందరికీ తెలుసు.

ఒక రాత్రి తాగి వచ్చి గడ్డివామి పక్కన బీడీ ముట్టించాడు. వామి అంటుకుంది. పక్కన కట్టేసిన పాడిగేదె దూడతో సహా కాలిపోయింది. తెల్లారి ఆయన నా ముందు కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చి, ఈసారి ఏ దేవుడి మీద ఒట్టు వెయ్యమంటావని అడిగాడు.

"దేవుళ్ళు వొద్దు. వాళ్ళు మంచోళ్ళు, క్షమిస్తారు. నేను క్షమించను. దినామూ నా ముందు ఊదండి" అన్నాను.

అప్పటినుంచి రెండేళ్ళకు పైగా ఊదాడు. ఒక్కనాడూ వాసన రాలేదు. అయినా నేను అడగడం మానలేదు. కాలినచోట చెయ్యి తానుగా జాగ్రత్తపడుతుంది, మనం చెప్పనక్కర్లేదు.

ఆయన గురించి ఇంకో సంగతి చెప్పాలి. ఎంగిలి పట్టింపు మనిషి. ఎవరి పెదవైనా తగిలిన లోటాతో నీళ్ళు తాగడు. కన్నకొడుకు కొరికిన మామిడిపండైనా ముట్టడు. తాను తాగేది కూడా ఎత్తి గొంతులో పోసుకోవలసిందే. సారాకి పోయే రోజుల్లోనూ సొంత గ్లాసు పంచె మడతలో పెట్టుకుని పోయేవాడంటే అర్థం చేసుకోండి. తాగుబోతుకు ఇంత మడి ఎందుకో నాకు అర్థమయ్యేది కాదు.

వ్యవసాయంతో పాటు ఆయనకు ఆయిల్ ఇంజన్ల ఏజెన్సీ ఉండేది. తాగుడు మానాక ఆ తెలివంతా ఇంజన్ల మీద పెట్టాడు. అరవై ఒకటిలో చుట్టుపక్కల జిల్లాల్లో అందరికన్నా ఎక్కువ ఇంజన్లు అమ్మింది ఈయనే. కంపెనీ మేనేజరు చెంచురామయ్యగారు మద్రాసు నుంచి వచ్చి, మంచి ఏజెంట్లనందరినీ కంపెనీ దొర కొండమీద హోటలుకు పిలిచాడని చెప్పాడు. మైసూరు రాష్ట్రంలో మెర్కారా దగ్గరట. మూడు రాత్రులు ఉండాలట, ఆడవాళ్ళూ రావచ్చట.

"అక్కడ నిషేధం లేదంట గదా?" అన్నాను తలుపు చాటునుంచి.

చెంచురామయ్యగారు నవ్వి, "లేదమ్మా. ఆఖరి రోజు దొరే స్వయంగా మన పద్మనాభయ్యగారి పేరు చెప్పి గ్లాసు ఎత్తుతాడు" అన్నాడు. మా ఆయన పేరుకు అదొక గొప్పలాగా చెప్పాడు. పిల్లిని పాలదగ్గరికి పంపి ఇంట్లో కూర్చునేదాన్ని కాను కాబట్టి, నేనూ వస్తానన్నాను.

బయల్దేరిన మర్నాటి సాయంత్రానికి కొండమీద దిగాం. బస్సు దిగిన మా ఆయన నోట్లోంచి పొగ వచ్చింది. అప్పుడే చుట్ట ముట్టించాడా అని కేకవేయబోతే నా నోట్లోంచీ పొగే వచ్చింది. చలికి అక్కడ ఊపిరి కూడా కంటికి కనిపిస్తుందని చెంచురామయ్యగారు చెప్పాడు. పుట్టి బుద్ధెరిగినప్పటినుంచి నెల్లూరు ఎండలో చెమట చూశాను గానీ ఊపిరి చూడలేదు.

ఆ హోటలు ఒకప్పుడు కాఫీతోటల దొరల బంగళా. భోజనాల గది మా కల్లంకన్నా పెద్దది. గోడలో పొయ్యి ఉంది. దానిమీద ఏమీ వండరు, ఊరికే మండుతూ ఉంటుంది. ఇంకో గోడకు చెక్క అరల్లో సీసాలు పడుకోబెట్టి ఉన్నాయి, బాలింతరాలి పక్కన పిల్లల్లాగా. ప్రతి మనిషి ముందూ కత్తులు, ముళ్ళ చెంచాలు, ఇంతేసి గ్లాసులు. పీటా లేదు, విస్తరీ లేదు. ఊదమనడానికి నాకు చోటే లేదు. నేను వడ్డిస్తే కదా నా మాట చెల్లేది. ఇక్కడ వడ్డించేవాడు వేరే.

ఆ వడ్డించే బట్లరు పేరు సమాధానం. తెల్లకోటు, ఎర్ర నడికట్టు. నా మాట వినగానే అతని ముఖం వికసించింది.

"నెల్లూరోళ్ళా అక్కా? మాది చిట్టమూరు. మీ మాట వింటే ఊరికి పోయినట్టుండాది" అన్నాడు.

"అట్టయితే చెప్పు నాయనా, నీళ్ళకి ఒక గ్లాసు చాలదా? ఇన్నెందుకు?"

"ఇవి వైనుకక్కా. చేపకి తెల్లది, మాంసానికి ఎర్రది."

"చేపకి కూడా తాపుతారా?" అన్నాను. అతను పళ్ళెం జారిపోయేంతగా నవ్వాడు.

చేప వచ్చింది. ముల్లు లేదు, పులుపు లేదు, కారం లేదు. తెల్లటి వెన్నగంజిలో పడుకుని ఉంది. చింతపండు ఎరగని చేపను చూసి జాలివేసింది. సమాధానం నా అవస్థ కనిపెట్టి, చెంగుచాటున ఇచ్చినట్టుగా చిన్న గిన్నెలో నిమ్మకాయ ఊరగాయ తెచ్చి నా పక్కన పెట్టాడు. ఆ పూట నన్ను బతికించింది అదే. మొదటి రెండు రాత్రులూ దొర రాలేదు, మా గ్లాసుల్లో నీళ్ళే పోశారు. అయినా గదిలోకి రాగానే మా ఆయన్ని ఊదమన్నాను. ఊదాడు. నాకు నిద్ర పట్టింది.

మూడోనాడు మధ్యాహ్నం వంటింటి వైపు వరండాలో మా ఆయనా సమాధానమూ తలలు దగ్గర పెట్టుకుని గుసగుసలాడటం చూశాను. మా ఆయన వేళ్ళతో గ్లాసంత ఎత్తు చూపిస్తున్నాడు. సమాధానం తల ఊపుతున్నాడు. నన్ను చూడగానే ఇద్దరూ చెరోవైపు తిరిగారు.

"ఏంది మాట్లాడతా వున్నారు?" అన్నాను.

"ఊరికే. చిట్టమూరులో వానలు పడినాయా అని" అన్నాడు మా ఆయన. మాట్లాడేటప్పుడు నా కళ్ళలోకి చూడలేదు. ఈ చూపు నాకు బాగా తెలుసు. పెన్న గట్టు నుంచి వచ్చి, శివాలయంలో హరికథ విన్నానని చెప్పిన చూపు ఇదే.

ఇక ఆ సాయంత్రం నేను కూర్చున్నది కుర్చీలో కాదు, ముళ్ళమీద. దొర వచ్చాడు. ఆరడుగుల మనిషి, ముఖం పండు మిరపకాయ. ఆయన కుడిపక్కన మా ఆయన్ని, మా ఆయన పక్కన నన్ను కూర్చోబెట్టారు. మాంసం వడ్డించాక సమాధానం సీసాలకు తెల్లగుడ్డలు చుట్టి తెచ్చాడు. దొరకు పోశాడు, చెంచురామయ్యగారికి పోశాడు, మిగతా ఏజెంట్లకు పోశాడు. పక్కబల్ల మీద సీసా మార్చుకుని మా ఆయన దగ్గరికి వచ్చాడు. ఈయన గ్లాసుమీద చెయ్యి అడ్డం పెడతాడేమో అని చూశాను. పెట్టలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని పెళ్ళికొడుకులా కూర్చున్నాడు. ముదురెర్రగా, గ్లాసు నిండుగా పడింది.

దొర లేచి ఏదో చెప్పాడు. చెంచురామయ్యగారు తెలుగులో చెప్పాడు, పద్మనాభయ్య లాంటి మనిషి కంపెనీకి బలం అని, ఆయన పేరున అందరూ తాగుదామని. అందరూ లేచారు. మా ఆయన కూడా లేచి గ్లాసు మీద చెయ్యి వేశాడు.

నాకు వామి మండటం కనిపించింది. గేదె అరుపు వినిపించింది. రెండేళ్ళు రోజూ నా ముఖం మీద పడిన ఊపిరి ఇంకొక్క క్షణంలో పాడైపోతుంది. చెయ్యి పట్టుకుని ఆపితే పదిమందిలో ఆయన పరువు పోతుంది, ఊరుకుంటే నా కాపురం పోతుంది. ఏం చెయ్యాలో ఆలోచించలేదు, చెయ్యి తానే పోయింది. ఆయన గ్లాసు లాక్కుని, అంచుకు పెదవులు బాగా ఆనించి ఒక గుక్క తాగి, మళ్ళీ ఆయన ముందు పెట్టాను. ఎంగిలి. ఇక ముట్టడు. గంగ దిగి వచ్చినా ముట్టడు.

ఎత్తిన గ్లాసులు ఎత్తినట్టే ఉండిపోయాయి. నోట్లో తియ్యగా ఉంది. పాపం ఇంత తియ్యగా ఉంటుందా, అందుకే మగవాళ్ళు మానలేరా అనుకున్నాను. కడుపులోకి దిగగానే తల తిరిగిపోతుందని బల్ల అంచు గట్టిగా పట్టుకున్నాను. తిరిగినట్టే అనిపించింది కూడా. దొర నవ్వి, అమ్మగారికి మా వైను నచ్చిందన్నమాట అన్నాడట. చెంచురామయ్యగారు తెలుగులో చెప్పడానికి మొహమాటపడి, తలవంచుకుని చెప్పాడు.

మా ఆయన నావైపు చూశాడు. గ్లాసు వైపు చూశాడు. అంచున నా తాంబూలపు మరక ఉంది. ఆయన గ్లాసు తీసి, ఎత్తి పోసుకోకుండా, సరిగ్గా ఆ మరక మీదే పెదవులు ఆనించి మొత్తం తాగేశాడు.

నేను శాలువా కప్పుకుని వరండాలోకి వచ్చేశాను. చలి ఎముకల్లోకి దిగుతోంది. ఏడుపు రాలేదు. దేవుళ్ళ తర్వాత నా దగ్గర మిగిలిన ఆఖరి అడ్డు అది, దాన్నీ దాటేశాడు. ఇంకేం పెట్టి ఆపను అని మాత్రం అనుకున్నాను. వెనకే అడుగుల చప్పుడు వినిపించింది.

"నా ఎంగిలి కూడా మీకు అడ్డం కాలేదు గదా" అన్నాను వెనక్కి తిరగకుండా.

"ఊదమను" అన్నాడు.

"ఎందుకు ఊదేది? చూస్తానే వుంటిని గదా."

"ఊదమను ఆదిశేషూ" అన్నాడు, నన్ను పేరు పెట్టి పిలిచి.

నేను అనకుండానే ముందుకు వచ్చి ఊదాడు. దీపం వెలుతురులో ఆయన ఊపిరి తెల్లగా నా ముఖం చుట్టూ పరుచుకుంది. వాసన చూశాను, చూడకుండా ఉండలేకపోయాను. ద్రాక్షపండ్ల వాసన. అంతే.

"గొప్పోళ్ళ సారాయి గదా, మంచి వాసనే వస్తాది" అన్నాను.

అప్పుడు సమాధానం గుడ్డ తీసేసిన సీసా పట్టుకుని వచ్చాడు. "సారా కాదక్కా. బెంగుళూరు నల్లద్రాక్ష రసం. చిన్నబిడ్డలకి పోస్తాం. అయ్యగారు వొచ్చినకాడి నుంచి ఒకటే పోరు, నా గ్లాసులో ఇదే పొయ్యాల, రంగు తేడా రాకూడదు, దొరకి తెలీకూడదు అని. మధ్యాహ్నం కూడా అదే చెప్తా వుండె." సీసా మూతి నా ముక్కు దగ్గర పెట్టాడు. అదే వాసన. అదే తీపి.

మెట్టుమీద కూలబడ్డాను. అప్పటిదాకా రాని ఏడుపు అప్పుడు వచ్చింది. పోయిన ప్రాణం తిరిగివస్తే ఏడుపే వస్తుందని నాకు అంతకుముందు తెలియదు. సమాధానం సీసా మెట్టుమీద పెట్టి లోపలికి వెళ్ళిపోయాడు.

"ముందే నాతో ఒక మాట చెప్తే మీ సొమ్మేం పోయె?" అన్నాను ముక్కు తుడుచుకుంటూ.

ఆయన నా పక్కన కూర్చున్నాడు.

"ఆ సీసాల మధ్య కూర్చుని ఆగగలనో లేదో నాకే తెలీదు. నీతో చెప్పి, ఆఖర్న ఆగలేకపోతే? ఒట్లు చానా వేసినా గదా నీ ముందు. ఈసారి చేసినాక చెప్దామనుకున్నా."

"మరి ఎంగిలి ఎట్లా తాగినారు?"

"నువ్వు విషమనుకుని తాగినావు, నాకోసరం. దాన్ని నేను పక్కన పెట్టేదెట్టా?"

కోవూరులో నా నోటికి భయపడనివాళ్ళు లేరు, ఆ రాత్రి మాత్రం శాలువా అంచుతో కళ్ళు తుడుచుకుంటూ కూర్చున్నాను. ఆయన మోచేత్తో నన్ను పొడిచాడు.

"ఇప్పుడు నువ్వు ఊదు. పదిమందిలో గ్లాసెత్తింది నువ్వే గదా."

ఊదాను. నా ఊపిరి పొగలా పోయి ఆయన ముఖానికి తగిలింది. ఆయన గంభీరంగా వాసన చూసి, "పర్లేదు, విస్తరి వెయ్యొచ్చు" అన్నాడు. ఇద్దరం నవ్వుకుంటూ లోపలికి పోయి, మాకోసం ఆపి ఉంచిన పుడ్డింగు తిన్నాం. అది మాత్రం బాగుంది, అబద్ధమెందుకు చెప్పాలి.

ఇంటికి వచ్చిన రోజు కొరమీను పులుసు పెట్టాను, చింతపండు దండిగా పిసికి. రాత్రి ఆయన కాళ్ళు కడుక్కుని అలవాటుగా గడప దగ్గర నిలబడ్డాడు. అప్పటికే పీట వేసి ఉంది, విస్తరి వేసి ఉంది.

"ఊదమనవా?" అన్నాడు.

"కూర్చోండి, చల్లారిపోతాది" అన్నాను.

ఆయన కూర్చోలేదు. వంగి నా ముఖం మీద ఒకసారి ఊది, అప్పుడు కూర్చున్నాడు. నేను అన్నం పెట్టి, పులుసు పోసి, ఆ పక్కనే ఇంకో పీట, ఇంకో విస్తరి వేసుకున్నాను. కాపురానికి వచ్చినప్పటినుంచి ఆయన తిన్నాకే తిన్నదాన్ని, ఆ రాత్రి ఆయనతో పాటే తిన్నాను.